ఎంసీబీ పడలేదని ధీమాగా ఉండొద్దు

ప్రశ్న: మాది ఖమ్మం. అద్దె ఇంట్లో ఉంటున్నాం. వంటగదిలో పవర్ పాయింట్ లేదు, మిక్సీకి పెట్టుకునే చిన్న పాయింటు ఒక్కటే ఉంది. ఆరు నెలల కిందట 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ కొన్నాం. దాని ప్లగ్గుకి లావు పిన్నులు ఉన్నాయి. అందుకని బండి మీద 180 రూపాయలకు ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, లావు పిన్నులను సన్న పిన్నులుగా మార్చే కన్వర్టర్ ఒకటి కొన్నాను. బాక్సు మీద 'హెవీ డ్యూటీ, 2500 వాట్స్' అని రాసి ఉంది. ఈమధ్య వంటయ్యాక వైరు పట్టుకుంటే వేడిగా, మెత్తగా తగులుతోంది. తెల్లటి ప్లగ్గు ఒకవైపు పసుపు రంగుకి తిరిగింది. మావారిని అడిగితే "కరెంటు పోయే వైరు వేడెక్కదా? ఏమైనా అయితే మెయిన్ బోర్డులో ఎంసీబీ స్విచ్ దానంతటదే పడిపోతుందిలే, టెన్షన్ పడకు" అంటున్నారు. అలాంటి బాక్సే ఇంకోటి కొని హైదరాబాద్‌ హాస్టల్లో ఉంటున్న మా అమ్మాయికి ఇచ్చాను. కెటిల్‌కి వాడుతోంది. నాది ఉత్త భయమేనా? కొత్తది కొనాలంటే ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం:

అమ్మా,

ముందు లేచి వంటగదిలోకి వెళ్లండి. గోడ మీద స్విచ్ ఆపి, ప్లగ్గు చల్లారాక ఊడదీసి, ఆ బాక్సు పక్కన పెట్టేయండి. ఈ పూటకి వంట గ్యాస్ మీద కానివ్వండి. తర్వాత అమ్మాయికి ఫోన్ చేసి తన బాక్సు కూడా తీసేయమని చెప్పండి. ఈ రెండు పనులూ అయ్యాక మిగతాది తీరిగ్గా చదవండి.

మీది ఉత్త భయం కాదు. తెల్ల ప్లగ్గు పసుపెక్కడం మురికి వల్ల కాదు. మురికైతే ప్లగ్గంతా ఒకేలా పడుతుంది. ఒక పిన్ను పక్కనే పసుపెక్కిందంటే ఆ పిన్ను దగ్గర ప్లాస్టిక్ రోజూ కొంచెం కొంచెం ఉడుకుతోందని అర్థం. అన్నం అడుగంటేటప్పుడు పైన మెతుకులు తెల్లగానే ఉంటాయి కదా, ఇదీ అంతే. పైకి పసుపు కనిపించేసరికి లోపల పని చాలా దూరం వచ్చేసి ఉంటుంది.

నేను ముప్ఫై ఏళ్లుగా మోటార్లు చుట్టే పనిలో ఉన్నాను. రాగి తీగ రోజూ చేతిలో ఆడుతూనే ఉంటుంది. మీ ఉత్తరం చదివాక, మీరు చెప్పినలాంటి బాక్సే మా ఊళ్లో ఒకటి కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టి కోశాను. చూసింది చూసినట్టు చెబుతాను.

వైరు పైకి చిటికెన వేలంత లావుగా ఉంది. బ్లేడుతో పైతొడుగు చీలిస్తే ఆ లావంతా ప్లాస్టిక్కే. లోపల ఒక ఎరుపు తీగ, ఒక నలుపు తీగ, అంతే. ప్లగ్గుకేమో మూడు పిన్నులు ఉన్నాయి. మూడో పిన్నుకి, అంటే పైన ఉండే లావాటి ఎర్త్ పిన్నుకి, లోపల ఏ తీగా లేదు. ఊరికే ప్లాస్టిక్‌లో గుచ్చి పెట్టారు. ఎర్ర తీగ తొడుగు ఒలిచి లోపలి పోగులు లెక్కపెట్టాను. పద్నాలుగు ఉన్నాయి. ఒక్కో పోగూ వెంట్రుక కంటే కొంచెం లావు. రంగు మాత్రం చక్కటి రాగి రంగే. ఒక పోగును చాకు మొనతో గీకితే కింద తెల్లగా మెరిసింది. అది అల్యూమినియం. పైన రాగి పూత. అదే పోగును రెండు వేళ్లతో అటూ ఇటూ నాలుగైదు సార్లు వంచితే పుటుక్కున తెగింది. మంచి రాగి పోగు అంత తొందరగా తెగదు. ఆఖరికి బాక్సు మూత విప్పి, ప్లగ్గు పిన్నులను పట్టుకోవాల్సిన రేకులకు అయస్కాంతం దగ్గరగా పెట్టాను. టక్కున అతుక్కుంది. ఇత్తడికి అయస్కాంతం అతుక్కోదు. అవి ఇనప రేకులు, పైన పసుపు పూత.

మా పాత ఎలక్ట్రీషియన్లు వైరు అడిగేటప్పుడు "23/76 ఇవ్వు, 40/76 ఇవ్వు" అంటారు. మొదటి అంకె లోపలి పోగుల సంఖ్య. రెండోది ఒక్కో పోగు లావు, అంగుళంలో పదివేల వంతుల లెక్కన. అంటే వైరు పేరే దాని లోపల ఎంత సరుకు ఉందో చెప్పేది. నేను కోసింది ఆ లెక్కలో 14/76. ఇప్పటి కొలతలో దాదాపు 0.4 చదరపు మిల్లీమీటర్లు. టేబుల్ ఫ్యానుకో, రెండు బల్బులకో సరిపోతుంది. దాని మీద 2500 వాట్స్ అని అచ్చేశారు.

ఇప్పుడు మీ స్టవ్ సంగతి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. 2000 వాట్ల స్టవ్ పూర్తి మంట మీద ఉన్నప్పుడు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటుతో పాటు సమానంగా పెరగదు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అందుకే ఫ్యానుకి పెట్టినప్పుడు చల్లగా ఉన్న వైరు స్టవ్‌కి పెట్టగానే ఇలా మెత్తబడుతోంది.

లెక్క వేసి చూశాను. 1.5 చదరపు మిల్లీమీటర్ల మంచి రాగి వైరు మూడు మీటర్లు వాడితే, మీ స్టవ్ నడిచేటప్పుడు ఆ వైరులో వేడి రూపంలో పోయేది దాదాపు 6 వాట్లు. చేత్తో పట్టుకుంటే లీలగా వెచ్చగా ఉంటుంది. నేను కోసిన వైరులో అదే కరెంటుకి దాదాపు 30 వాట్లు పుడుతుంది. అల్యూమినియం కరెంటును రాగి అంత బాగా పోనివ్వదు, పైగా తీగ సన్నం. రెండూ కలిసి ఐదింతలైంది. వైర్ల మీద వేసే మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది. ఖమ్మం ఎండాకాలంలో వంటగది అప్పటికే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. దాని మీద ఈ వేడి. మిగిలిన వైరును చుట్ట చుట్టి స్టవ్ వెనక్కి తోసి ఉంటే వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు. వైరు మెత్తగా తగిలిందన్నారు కదా, తొడుగు తన హద్దు దాటుతోందన్నమాట. రెండు తీగల మధ్య ఉన్నది ఆ తొడుగొక్కటే. అది ఇంకొంచెం మెత్తబడి పక్కకి జరిగితే ఎరుపు, నలుపు ఒకదానికొకటి తగులుతాయి.

కానీ తీగ వేడి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది మీ ప్లగ్గు పసుపు. తీగలో వేడి మూడు మీటర్ల పొడవునా పరుచుకుంటుంది. పిన్ను వదులైన చోట అలా కాదు, వేడంతా ఒక్క దగ్గరే పుడుతుంది. పిన్నుకీ రేకుకీ మధ్య పట్టు సడలి, అక్కడ కరెంటుకి 0.2 ఓమ్‌ల నిరోధం, అంటే అడ్డు, ఏర్పడిందనుకోండి. వినడానికి చాలా చిన్న అంకె. మీ స్టవ్ లాగే కరెంటుకి ఆ ఒక్క చోటే 15 వాట్ల వేడి పుడుతుంది. చింతగింజంత జాగాలో 15 వాట్లు! నేను షాపులో సీసం కరిగించి తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. మీ గోడ మీద రోజూ పొద్దునా సాయంత్రం అలాంటిదొకటి కాలుతోంది.

ఇది ఉన్నచోట ఆగే జబ్బు కూడా కాదు. వేడికి రేకు బిగువు పోతుంది. బిగువు పోతే పిన్ను ఇంకా వదులవుతుంది. వదులైన చోట సన్నటి నిప్పురవ్వలు లేచి మసి పడుతుంది. ఆ మసి వల్ల వేడి ఇంకా పెరుగుతుంది. రోడ్డు మీద చిన్న గుంట పడితే, వెళ్లే ప్రతి లారీ దాన్ని ఇంకాస్త లోతు చేసినట్టు ఉంటుంది వ్యవహారం. ఆరు నెలలు ఏమీ కాలేదు కాబట్టి ఇకమీదా కాదు అనుకోవడానికి లేదు. నిన్నటి కంటే ఇవాళ పరిస్థితి కొంచెం అధ్వాన్నమే.

మీవారు అన్న మాటల్లో మొదటిదాంట్లో కొంత నిజముంది. ఎక్కువ కరెంటు పోయే వైరు కాస్త వెచ్చబడుతుంది. చెయ్యి వేసి హాయిగా ఉంచగలిగేంత వెచ్చదనమైతే కంగారు అక్కర్లేదు. చెయ్యి తీసేయాలనిపిస్తే మాత్రం ఏదో తేడా ఉన్నట్టే. వాసన వస్తే, రంగు మారితే, సాకెట్లో చిటపట శబ్దం వినిపిస్తే ఇక చెయ్యి పెట్టి చూడటం కూడా వద్దు, మెయిన్ ఆపేయండి.

రెండో మాట, ఎంసీబీ పడిపోతుంది అన్నది, చాలా ఇళ్లలో నేను వినే మాట. ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఫ్యూజు తీగ స్థానంలో ఎంసీబీలు వచ్చాక మనందరికీ ఒక భరోసా వచ్చింది. కానీ ఎంసీబీ కాపాడేది గోడలో ఉన్న వైరును, మీరు బజార్లో కొన్న వైరును కాదు. చెరువు కట్టకి కాపలా ఉన్నవాడికి మీ పొలం గట్టు తెగిన సంగతి ఎలా తెలుస్తుంది? మీ లైన్‌లో ఉన్నది 10 ఆంపియర్ల ఎంసీబీ అయినా, 16 ఆంపియర్లదైనా, 8.7 ఆంపియర్లు దాని లెక్కలో మామూలు కరెంటే. అది పడకపోవడమే సరైన పని. అసలు ఎంసీబీల తయారీ ప్రమాణమే అలా ఉంటుంది: రాసిన అంకె కన్నా 13 శాతం ఎక్కువ కరెంటు గంటసేపు పోయినా అది పడకూడదు, 45 శాతం ఎక్కువైతే గంటలోపు పడి తీరాలి. అంటే 16 ఆంపియర్ల ఎంసీబీ గుండా 18 ఆంపియర్లు గంటసేపు పోయినా అది చలించదు. ఈలోపు నేను కోసిన ఆ తీగ గతేమిటో ఆలోచించండి. తీగలు తగులుకుని షార్ట్ అయినప్పుడు ఎంసీబీ పడుతుంది, నిజమే. కానీ అప్పటికే ప్లాస్టిక్ కరిగి, పక్కన కర్టెనో నూనె డబ్బానో ఉంటే అంటుకోవచ్చు. వదులు పిన్ను దగ్గర వేడిని అయితే అది ఎప్పటికీ పసిగట్టలేదు. ఎందుకంటే అక్కడ కరెంటు పెరగదు, వేడి మాత్రమే పెరుగుతుంది.

బ్రిటన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు అక్కడి ప్లగ్గు చూసే ఉంటారు. దాని కడుపులోనే ఒక చిన్న ఫ్యూజు ఉంటుంది. సన్న వైరుకి 3 ఆంపియర్లది, లావు వైరుకి 13 ఆంపియర్లది వేస్తారు. ఆ ఫ్యూజు పని ఆ వైరును కాపాడటమే. మన ప్లగ్గుల్లో అది ఉండదు. మన దగ్గర వైరుకి కాపలా దాని లోపలి రాగే. అందుకే ఆ రాగి విషయంలో మోసం జరిగితే వెనకాల ఆదుకునేది ఏదీ లేదు.

ఎర్త్ గురించి కూడా చెప్పాలి. ఇది మా ఇంట్లోనే జరిగింది. చాలా ఏళ్ల కిందట మా అమ్మ ఒకరోజు "గ్రైండరు ముట్టుకుంటే చీమ కుట్టినట్టు జివ్వుమంటోందిరా" అంది. నేల తడిగా ఉండి ఉంటుంది, చెప్పులు వేసుకో అన్నాను. పని ఒత్తిడిలో మళ్లీ పట్టించుకోలేదు. మూడో రోజు పిండి తీస్తుంటే గట్టిగా కొట్టి, చేతిలో గిన్నె ఎగిరి అంత దూరంలో పడింది. అదృష్టం బాగుండి ఆవిడ వెనక్కి పడింది, గ్రైండరు మీదికి తూలలేదు. అప్పుడు విప్పి చూశాను. గ్రైండరులో మోటారు తీగ తొడుగు ఒకచోట ఒరిసి, స్టీలు బాడీకి తగులుతోంది. అది ఎక్కడైనా జరిగేదే. అలా జరిగినప్పుడు ఆ కరెంటును నేలలోకి పంపేయడానికే ఎర్త్ తీగ ఉంటుంది. ఆ గ్రైండరు పాత వైరు పాడైతే నేనే బయట కొని కొత్తది వేశాను. మూడు పిన్నులు చూసి వేశాను, లోపల మూడు తీగలున్నాయా అని చూడలేదు. అన్ని మోటార్లు చుట్టినవాణ్ణి, మా అమ్మ రోజూ ముట్టుకునే వైరును విప్పి చూడలేదు. అది ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

మూడు పిన్నుల ప్లగ్గు గమనిస్తే ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగ్గా, లావుగా ఉంటుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందు అది తగలాలని, తీసేటప్పుడు ఆఖరున అది వదలాలని అలా చేస్తారు. దానికి తీగ తగిలించకుండా పిన్ను మాత్రం పెట్టడమంటే మనిషిని నమ్మించి గొంతు కోయడమే. గ్రైండరు, ఫ్రిజ్, ఇస్త్రీ పెట్టె, వాషింగ్ మెషిన్, నీళ్లు కాచే రాడ్, కెటిల్: లోహం, తడి, చెయ్యి కలిసే ప్రతి చోటా ఎర్త్ ఉండి తీరాలి. కొత్త వైరు ఏది కొన్నా, షాపులోనే మల్టీమీటర్‌తో ఎర్త్ పిన్ను నుంచి అవతలి చివర ఎర్త్ రంధ్రం దాకా బీప్ వస్తోందో లేదో చూపించమనండి. అర నిమిషం పని. చూపించను అంటే ఆ షాపులో కొనకండి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్ లేకపోతే ఇంటి యజమానితో చెప్పి పెట్టించుకోండి. మనిషి గుండా కరెంటు నేలకి పోతే లైను ఆపేసేది అదే, ఎంసీబీ కాదు. వైరు వేడిని మాత్రం అదీ పట్టలేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఏం కొనాలి? నా మాట నచ్చకపోవచ్చు గానీ, ఇండక్షన్ స్టవ్‌కి ఎక్స్‌టెన్షన్ అసలు వద్దు. మీ వంటగదిలో ఉన్న చిన్న పాయింటు 6 ఆంపియర్లది. ఎంత మంచి బాక్సు కొన్నా, దాన్ని కన్వర్టర్‌తో ఆ చిన్న పాయింటుకే తగిలిస్తే ఈసారి గోడలోని సాకెట్టే పసుపెక్కుతుంది. స్టవ్ ప్లగ్గుకి లావు పిన్నులు పెట్టింది చిన్న సాకెట్లో దూరకూడదనే. ఆ అడ్డును తీసేసి ఇవ్వడమే కన్వర్టర్ చేసే పని. దాన్ని కూడా బాక్సుతో పాటే వదిలించుకోండి. ఇంటి యజమానిని పిలిచి పసుపెక్కిన ప్లగ్గు చూపించి, మెయిన్ బోర్డు నుంచి వంటగదికి విడిగా 16 ఆంపియర్ల పాయింటు లాగించమని అడగండి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు. మంట అంటుకుంటే పోయేది ఆయన ఇల్లు కూడా కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే గీజరుకో ఏసీకో పెట్టిన పవర్ పాయింటు ఏ గదిలో ఉందో చూసి, దాని దగ్గర బల్ల వేసి స్టవ్ అక్కడ పెట్టుకోండి. హాల్లో వంట చేయడం ఇబ్బందే, తెలుసు. అయినా అదే మేలు.

మిగతా వస్తువులకి ఎక్స్‌టెన్షన్ కావాల్సి వస్తే, ఇస్త్రీ పెట్టెకి కూడా పనికొచ్చేలా ఒక్కటే మంచిది తీసుకోండి. వాట్లు, హెవీ డ్యూటీ అనే అక్షరాలు చూడకండి. వైరు ఎన్ని చదరపు మిల్లీమీటర్లు అని అడగండి. షాపులో 'స్క్వేర్ ఎంఎం' అంటే తెలుస్తుంది. 1.5కి తగ్గొద్దు, మూడు తీగలది కావాలి, పొడవు మీకు అవసరమైనంతే. వైరు తొడుగు మీదే ఐఎస్‌ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 694 అనే ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు అచ్చయి ఉండాలి. ఉత్త ఐఎస్‌ఐ బొమ్మ ఉండి నంబరు లేకపోతే నమ్మకండి. నంబరు ఉంటే ఫోన్‌లో బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్ వేసుకుని ఆ నంబరు కొట్టండి. ఆ లైసెన్స్ ఏ కంపెనీది, ఏ వస్తువుకి ఇచ్చారు అనేది వస్తుంది. ఆ పేరూ మీ చేతిలో వస్తువు మీది పేరూ కలవకపోతే అది దొంగ గుర్తు. అలాంటివి అమ్ముతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పొచ్చు.

ధర విషయంలో ఒక లెక్క చెబుతాను, ఇది మీవారికి కూడా చూపించండి. మూడు మీటర్ల పొడవు, మూడు తీగలు, ఒక్కోటి 1.5 చదరపు మిల్లీమీటర్లు అయితే అందులో పట్టే రాగి దాదాపు 120 గ్రాములు. కిలో రాగి ఎనిమిది వందలు దాటింది. అంటే ఒక్క రాగికే వంద రూపాయలు. ఇక ప్లాస్టిక్, ఇత్తడి రేకులు, స్విచ్‌లు, కూలి, రవాణా, కంపెనీ లాభం, షాపు లాభం ఉన్నాయి. ఇవన్నీ కలిపి 180 రూపాయలకి ఎవరూ ఇవ్వలేరు. ఏదో ఒకటి తీసేస్తేనే ఆ ధర వస్తుంది, తీసేసింది రాగినీ ఎర్త్ తీగనూ. పాత సామాన్లు కొనే కుర్రాడికి ఈ వైరు వేసి చూడండి. చాకుతో గీకి, తెల్లగా కనిపించగానే రాగి ధర ఇవ్వనంటాడు. ఆ పరీక్ష మనం కొనేటప్పుడే చేయాలి.

అయితే ఎక్కువ ధర పెట్టి కొన్నంత మాత్రాన పూచీ ఏమీ లేదు. 2014 ఆగస్టులో హెచ్‌పీ కంపెనీ తన ల్యాప్‌టాప్‌లతో ఇచ్చిన కరెంటు వైర్లను (పవర్ కార్డ్‌లను) అమెరికా, కెనడాల్లోనే దాదాపు 60 లక్షలు వెనక్కి పిలిచింది. అవి 2010 సెప్టెంబరు నుంచి 2012 జూన్ మధ్య అమ్మినవి, వాటి మీద ఎల్‌ఎస్-15 అని ఉండేది. వేడెక్కి కరిగిపోయాయని, మాడిపోయాయని వచ్చిన ఫిర్యాదులు 29. 2016లో మైక్రోసాఫ్ట్ కూడా సర్ఫేస్ ప్రో ట్యాబ్లెట్ల కరెంటు వైర్లను లక్షల్లో వెనక్కి తీసుకుంది. అదే పనిగా వంచి, మెలితిప్పి, గట్టిగా చుడుతుంటే అవి వేడెక్కుతున్నాయని తేలింది. ల్యాప్‌టాప్ లాగేది చాలా తక్కువ కరెంటు. అంత చిన్న కరెంటుకే, అంత పెద్ద కంపెనీల సరుకులోనే ఇలా జరిగింది. కానీ అక్కడ వైరు మీద ఒక గుర్తు ఉంది, ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక చోటు ఉంది, 29 మంది చెప్పగానే లక్షల ఇళ్ల నుంచి వెనక్కి రప్పించారు. బండి మీద కొన్న బాక్సు కరిగితే మీరు ఎవరికి చెబుతారు? అదే సరుకు ఇంకెన్ని ఇళ్లలో ఉందో ఎవరికి తెలుస్తుంది?

అమ్మాయి విషయానికి వస్తే, ఫోన్ ఛార్జరుకీ ల్యాప్‌టాప్‌కీ మరీ భయపడాల్సిన పని లేదు. తనకి చెప్పాల్సిందల్లా, ల్యాప్‌టాప్ వైరును అడాప్టరు చుట్టూ బిగించి చుట్టొద్దని, మెడ దగ్గర మడత పడితే మార్చేయమని, మంచం మీద దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేయొద్దని. కెటిల్ సంగతి వేరు. 1500 వాట్ల కెటిల్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. చిన్న పాయింటుకి అదే ఎక్కువ. ఒక్కసారి నీళ్లు కాచుకుంటే నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది, వైరు మరీ వేడెక్కే లోపే ఆగిపోతుంది. కానీ హాస్టల్లో కెటిల్ ఒక్కరిది కాదు. ఒకరి తర్వాత ఒకరు మ్యాగీ, టీ, కోడిగుడ్లు అంటూ గంటసేపు నడుపుతారు. గోడకున్న పెద్ద పాయింటులో నేరుగా పెట్టుకోమనండి. గదిలో అది లేకపోతే మెస్ దగ్గర ఎక్కడ ఉందో అడిగి అక్కడే కాచుకోమనండి. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు తీసి పోయమని కూడా చెప్పండి, పిల్లలు తొందరలో మరిచిపోతారు.

మీ ఇంట్లో రైస్ కుక్కర్ ఉంటే దాని వైరు కూడా ఒకసారి చూడండి. అసలు వైరు పోతే, రంధ్రాలు సరిపోయాయి కదా అని పాత కంప్యూటర్ వైరు తగిలించేయడం చాలా ఇళ్లలో ఉంది. ఆకారం ఒకటే అయినంత మాత్రాన లోపలి తీగ, తట్టుకునే వేడి ఒకటి కావు. కుక్కర్ కంపెనీ వైరే తెచ్చుకోండి. ప్లగ్గు విరిగిపోతే తీగల కొసలు అగ్గిపుల్లలతో సాకెట్లో బిగించడం, తెగినచోట టేపు చుట్టి నెట్టుకురావడం, కాళ్లు తుడుచుకునే పట్టా కింద నుంచి వైరు లాగడం, ఇవేవీ ఒక్క రోజుకైనా వద్దు.

ఎప్పుడైనా వైరు నుంచి పొగ వచ్చినా మంట కనిపించినా ప్లగ్గు పట్టుకుని లాగకండి, మెయిన్ ఆపండి. కరెంటు ఆగిందని రూఢి అయ్యేదాకా నీళ్లు పోయకండి. మంట ప్లగ్గు దాటి పక్కకి పాకితే అందరూ బయటికి వచ్చేసి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

పక్కన పెట్టిన ఆ బాక్సును అలాగే చెత్తలో వేయకండి. గోడ నుంచి ఊడదీసే ఉంది కదా, ప్లగ్గు దగ్గర ఒకసారి, బాక్సు దగ్గర ఒకసారి కత్తెరతో వైరు కోసేయండి. చూడటానికి కొత్తగానే ఉంది కాబట్టి, మీ పనమ్మాయో చెత్తబండి అబ్బాయో తీసుకెళ్లి తమ ఇంట్లో ఇస్త్రీ పెట్టెకి పెట్టుకుంటారు. అమ్మాయి చేత కూడా అలాగే చేయించండి. కోశాక ఫోటో పంపమనండి.